కాళ్ళతో సహా తూకం

డన్‌వెల్ రైఫిల్ క్లబ్బులో వెర్లిన్ టోర్గర్సన్ ఏళ్ళ తరబడి రిజర్వు మనిషి. నలుగురు కాల్చే జట్టుకి ఐదోవాడు. ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడో, ఎవరి ఆవైనా పోటీ పొద్దున్నే ఈనినప్పుడో గుర్తొస్తాడు. మిగతా రోజుల్లో నీళ్ళ డబ్బాలు మోయాలి, గాలి జెండాలు పాతాలి, టార్గెట్ల కిందున్న గుంటలో కూర్చుని వాటిని పైకీ కిందికీ లాగాలి. గెలిచినవాళ్ళు ఫొటో దిగుతుంటే కెమెరా పట్టుకోవాలి. క్లబ్బు గోడ మీద ఉన్న జట్టు ఫొటోలన్నీ తీసింది అతనే. అందుకే ఒక్కదాంట్లోనూ అతను లేడు.

ఆ వేసవిలో జట్టులో ఒకాయన మోకాళ్ళు మోంటానా చలికి ఇక తట్టుకోలేవని ఆరిజోనా వెళ్ళిపోయాడు. నాలుగో చోటు ఖాళీ అయింది. న్యాయంగా చూస్తే అది వెర్లిన్‌ని వెతుక్కుంటూ రావాలి. న్యాయం అంత తీరిగ్గా ఎవరిని వెతుక్కుంటూ వచ్చింది గనక! నిన్నగాక మొన్న క్లబ్బులో చేరిన బ్రైస్ ఫెన్‌స్కీ, ఊళ్ళో ట్రాక్టర్ల షోరూము వాళ్ళబ్బాయి, నేనూ ఉన్నానన్నాడు. కుర్రాడికి ముప్ఫై దాటాయి. బాగా కాలుస్తాడు, ఆ మాట వెర్లినే ఒప్పుకుంటాడు. ఒప్పుకోలేనిది, తను బాగా కాలుస్తానన్న సంగతి వాడికి వాడు అంత తరచుగా గుర్తు చేసుకోవడం.

జట్టు నాయకురాలు మార్వా లిండ్‌క్విస్ట్. డెబ్భై దగ్గరపడింది. ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేది. వెర్లిన్ పదహారో ఏట చదువు మానేసేదాకా ఆ బస్సులోనే ఎక్కి దిగినవాడు. అందుకని అతనికి యాభై దాటినా ఆవిడ దృష్టిలో ఇంకా వెనక సీట్లో కూర్చున్న పిల్లాడే.

"సెప్టెంబరు పోటీలో ఇద్దరూ కాల్చండి" అంది మార్వా. "ఎవడికి ఎక్కువొస్తే వాడిది ఆ చోటు. తర్వాత నా దగ్గరికొచ్చి గాలి అన్యాయం చేసింది, ఎండ అన్యాయం చేసిందని ఏడిస్తే ఊరుకోను. గాలి అందరికీ ఒకటే."

వెర్లిన్ బాధ గాలి గురించి కాదు, తన మెడ గురించి. నాలుగేళ్ళ కిందట కోత యంత్రం మీద వెల్డింగు చేస్తూ జారి పడ్డప్పటినుంచీ మెడ కిందికి సరిగా వంగదు. అతని రైఫిల్‌కి కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ స్టాకు ఉంది. దాని మీద చెంప ఆనించి స్కోపులోంచి చూడాలంటే తల కిందికి గుంజుకోవాలి. ఐదారు గుండ్లు కాల్చేసరికి మెడనరం వీణ తీగలా బిగుసుకుపోయేది. పైగా ఆ స్టాకు ముందుభాగం మెత్తన. రెండు కాళ్ళ స్టాండు మీద కాస్త బరువు వేసి ఆనుకుంటే చాలు, వంగి గొట్టానికి తగిలేది. గొట్టానికి ఏదైనా తగిలితే గుండు చెప్పిన మాట వినదు.

రైఫిల్‌లో లోపమేమీ లేదు. గొట్టం మంచిది. బోల్టు వెన్నలో కత్తిలా కదులుతుంది. మనిషికీ దానికీ మధ్య ఉన్న ఆ ప్లాస్టిక్ ఒళ్ళే పనికిరానిది. అది తీసేసి అల్యూమినియం ఛాసిస్ వేయించుకోవాలని రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు. లారీకి ఛాసిస్ ఎలాగో ఇదీ అలాగే: వంగదు, ఉబ్బదు. చెంప ఆనించే దిమ్మె పైకీ కిందికీ జరుగుతుంది, భుజానికి ఆనే మడమ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మనిషి తుపాకీకి తగ్గట్టు ఒంగక్కర్లేదు. తుపాకీయే మనిషికి తగ్గట్టు ఒదుగుతుంది.

చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద పెట్టుకుని చేపలు పట్టుకునే చెక్కగది ఒకటి ఉండేది అతనికి. పొయ్యితో సహా తనే కట్టుకున్నాడు. అది అమ్మేశాడు. జులై చివర్లో ఛాసిస్ వచ్చింది.

పెట్టె తెరవగానే భార్య లవోన్ వచ్చి చూసింది. "ఇదేనా? మా ఆసుపత్రిలో కాలు విరిగినవాళ్ళకి కట్టేది ఇలాగే ఉంటుంది."

"నవ్వుతావేం? పట్టుకో."

"ఎక్కడ పట్టుకోమంటావు? అంతా కన్నాలూ మరలేగా."

వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి పాత స్టాకు ఊడదీశాడు. అడుగున రెండు మరలు, అంతే. పదిహేనేళ్ళ సావాసం రెండు మరలతో తేలిపోయింది. గొట్టాన్నీ బోల్టు కదిలే ఇంటినీ కొత్త ఛాసిస్‌లో కూర్చోబెట్టి, మడమ నేలకి ఆనేలా నిలబెట్టి పట్టుకోమన్నాడు లవోన్‌ని. అలా నిలబెడితే పేలినప్పటి తన్నుని ఆపే లగ్గు, గొట్టం కిందుండే ఉక్కు పలక, తన బరువుతో తనే వెనక్కి జరిగి ఛాసిస్ లోపలి గోడకి ఆనుకుంటుంది. అలా ఆనుకున్నాకే మరలు బిగించాలి. ముందుది కాస్త, వెనకది కాస్త, మళ్ళీ ముందుది, బిగువు చాలని టార్క్ రెంచి టక్కుమనేదాకా. తర్వాత గొట్టానికి ఎక్కడైనా తగులుతోందేమో చూడ్డానికి ఒక డాలరు నోటు తీసి గొట్టం కిందినుంచి దూర్చి లాగాడు. ఎక్కడా ఆగకుండా మొదట్నుంచి చివరిదాకా జారిపోయింది. అదే నోటు మళ్ళీ లాగాడు. మళ్ళీ లాగాడు.

"ఇంకెన్నిసార్లు లాగుతావు? దాని మీద బొమ్మ చెరిగిపోతుంది" అంది లవోన్.

బోల్టు తీసి పక్కన పెట్టి, ముందుగది తివాచీ మీద బోర్లా పడుకున్నాడు. కళ్ళు మూసుకుని, మెడ ఎంతవరకు హాయిగా వంగుతుందో అంతవరకే వంచి, చెంప దిమ్మె మీద వాల్చి, అప్పుడు కళ్ళు తెరవాలి. స్కోపులో పూర్తి వెలుగు కనబడాలి. అంచుల్లో నీడ కనబడితే దిమ్మె ఎత్తు తప్పన్నమాట.

"పైకి తిప్పు."

"ఇంతా?"

"ఇంకాస్త. ఆగు, ఎక్కువైంది. కిందికి."

"పెళ్ళినాడు నీ టై కట్టడం కూడా ఇంత కష్టం కాలేదు నాకు. ఇప్పుడు?"

వెర్లిన్ కళ్ళు తెరిచాడు. కిటికీ అవతల, రోడ్డుకి అవతల, ధాన్యం గిడ్డంగి మీద వాలిన పావురం ఈకలతో సహా కనబడింది. నీడ లేదు. మెడలో నొప్పి లేదు. అలాగే పడుకుండిపోయాడు.

"నిద్రపోయావా ఏమిటి?" అంది లవోన్.

"లేదు. కాసేపు ఇలాగే ఉండనీ."

నెల రోజులు సాధన చేశాడు. ఆరువందల గజాల దూరాన గుండ్లన్నీ దగ్గర దగ్గరగా వెళ్ళి కూర్చుంటున్నాయి. మనిషికి సుఖం అలవాటైతే ఊరుకుంటాడా! ముందుభాగం ఇంకాస్త బరువుంటే పేలినప్పుడు ఎగరదని, తను పనిచేసే వెల్డింగు షాపులో ఒక ఉక్కు ముక్క కోసి, సాన పట్టి, నల్లరంగు పూసి ఛాసిస్ ముందుభాగంలో అమర్చాడు. చూసినవాళ్ళు కంపెనీవాడే చేశాడనుకున్నారు. అది విని వెర్లిన్ రెండు రోజులు ఛాతీ విరుచుకుని నడిచాడు.

రెండు కాళ్ళ స్టాండు మీద కాల్చేవాళ్ళకి బరువు హద్దు ఉంది: పద్దెనిమిది పౌండ్ల మూడు ఔన్సులు. షాపులో తూచి చూసుకున్నాడు. స్టాండు ఉంటే తుపాకీ తూకం పళ్ళెంలో నిలవలేదని స్టాండు ఊడదీసి తూచాడు. హద్దుకి రెండు ఔన్సులు తక్కువే వచ్చింది. ఎంత సరిగ్గా చేశానో చూడు అని తనకి తనే చెప్పుకుని, స్టాండు మళ్ళీ బిగించి ఇంటికెళ్ళిపోయాడు.

పోటీనాడు పొద్దున తూకం బల్ల దగ్గర రైఫిల్ పెట్టగానే, తూకం చూసే ముసలాయన కళ్ళజోడు సర్దుకుని అంకె చదివాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ చదివాడు.

"పంతొమ్మిది పౌండ్ల నాలుగు ఔన్సులు, వెర్లిన్. దీన్ని కాలుస్తావా, ట్రాక్టరుకి తగిలించి దున్నుతావా?"

"అదెలా? నేను తూచానే!"

"దేంతో తూచావు?"

"మా షాపులో. స్టాండు తీసి..." గొట్టం కింద బిగించి ఉన్న రెండు కాళ్ళకేసి చూశాడు. కాళ్ళూ తుపాకీ లెక్కలోకే వస్తాయి. పదకొండేళ్ళుగా పక్కన నిలబడి ఎందరి తుపాకులో తూచడం చూశాడు. ఒక్కటి కూడా కాళ్ళు లేకుండా తూచింది లేదు.

వరసలో వెనకున్నవాళ్ళు నవ్వారు. పెద్ద దుర్మార్గపు నవ్వు కాదు, కానీ నవ్వు నవ్వే. వెర్లిన్ రెంచి తీసి తన ఉక్కు ముక్క ఊడదీశాడు. ఊరంతా మెచ్చుకున్న ముక్క బల్ల కింద గడ్డిలో పడింది. ఇంకా ఎక్కువే. స్కోపు ముందు తగిలించే ఎండగొట్టం తీశాడు. పక్కకి ఒరిగిందీ లేనిదీ చూపించే నీటిబుడగ తీశాడు. బెల్టు కొక్కేలు తీశాడు.

"ఒక్క ఔన్సు ఎక్కువ" అన్నాడు ముసలాయన. ఈసారి ఆయన కూడా నవ్వలేదు.

"చెంపదిమ్మె తీసెయ్" అన్నారెవరో.

అది తీసేస్తే ఇంత చేసిందీ ఎందుకు? వెర్లిన్ తల అడ్డంగా ఊపాడు.

బ్రైస్ వరసలోంచి ముందుకొచ్చాడు. "పెద్దాయనా, నా ట్రక్కులో ఇంకో స్టాండు ఉంది. కార్బన్‌ది, దూదిలా ఉంటుంది. మీ దానికి సరిగ్గా పడుతుంది. తీసుకోండి." ‘మీరు’ అనడంలోనే వాడి వెటకారమంతా ఉంటుంది. కానీ ఇప్పుడు ఆ వెటకారం సగమే ఉంది. మిగతా సగం నిజంగానే ఇస్తానంటున్నాడు.

"వద్దు" అన్నాడు వెర్లిన్.

"ఎందుకొద్దు? ఊరికేనేగా."

"నీ కాళ్ళ మీద నిలబడి నిన్ను కొడితే, నేను చచ్చేదాకా నీ కాళ్ళ గురించే చెప్తావు."

వరస గొల్లుమంది. బ్రైస్ కూడా నవ్వాడు. "చెప్తాను. అది మాత్రం నిజం."

మార్వా విసుక్కుంటూ వచ్చింది. "ఒరే వెర్లిన్, నీది రెండో విడత. మొదటి విడత కాల్చేది బ్రైసు. వాడి గుండ్ల లెక్క నువ్వు పైకి పిలవాలి కదా, నీ బదులు నేను కూర్చుంటాను. ఆ విడత అయ్యేలోపు హద్దులో ఉన్నావా సరే. లేదంటే పోయి గుంటలో టార్గెట్లు లాగు. అది నీకు అలవాటేగా."

ఆ చివరిమాట ఆవిడ కావాలనే అందో, అలవాటుగా వచ్చిందో తెలియదు. వెర్లిన్‌కి మాత్రం గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది.

తుపాకీ తీసుకుని తన ట్రక్కు దగ్గరికెళ్ళాడు. వెనక తలుపు దించాడు. రెండు మరలు ఊడదీసి గొట్టాన్ని పక్కకి తీసి దుప్పటిలో చుట్టాడు. చేతిలో ఉత్త ఛాసిస్ మిగిలింది. నెల కిందటిది. ఒక్క గీత లేదు. పనిముట్ల పెట్టెలోంచి బ్యాటరీ డ్రిల్లు తీశాడు. మెట్లు మెట్లుగా ఉండే పెద్ద బిట్టు తగిలించాడు.

"ఏయ్ ఏయ్! ఏం చేస్తున్నావయ్యా?" తూకం ముసలాయన పరుగులాంటి నడకతో వచ్చాడు. "కొత్త ఛాసిస్ అది!"

"తెలుసు. కొన్నది నేనే."

"కన్నాలు పెడితే మళ్ళీ ఒక్కడు కొనడు!"

"అమ్ముతానని ఎవరు చెప్పారు?"

ఛాసిస్ ముందుభాగం రెండు పక్కలా నల్లపెన్నుతో చుక్కలు పెట్టుకున్నాడు. తొందరలో ఉన్నా చుక్కకీ చుక్కకీ మధ్య దూరం కొలిచే పెట్టాడు. మరలు పట్టే చోటు, స్టాండు పట్టే చోటు వదిలేశాడు. బలం ఎక్కడ కావాలో, ఎక్కడ ఊరికే లోహం ఉందో తెలియకపోతే ముప్ఫై ఏళ్ళు ఇనుముతో కాపురం చేసి ఏం లాభం! మొదటి చుక్క మీద మాత్రం బిట్టు ఆనించి, ఒకసారి తీసి, మళ్ళీ ఆనించాడు. బిట్టు లోపలికి దిగేకొద్దీ తెల్లటి అల్యూమినియం చుట్టలు చుట్టలుగా బయటికొచ్చి బూట్ల మీద పడింది. అవతల లైను మీద మొదటి విడత తుపాకులు పేలుతున్నాయి. ఇవతల డ్రిల్లు గుర్రుమంటోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు, తమ కాలి గోరు ఎవరో పీకుతున్నట్టు మొహాలు పెట్టుకుని నిలబడ్డారు.

అంచుకి తగిలి వేలు తెగింది. గుడ్డ చుట్టుకున్నాడు. కన్నాల అంచులు ఆకురాయితో ఒక్క చుట్టు చుట్టి, లోపలి రజనంతా ఊదేసి, గొట్టం కూర్చోబెట్టి, ట్రక్కు తలుపుకి ఆనించి నిలబెట్టి మరలు బిగించాడు. రెంచి టక్కుమంది. స్టాండు బిగించి మళ్ళీ తూకం బల్ల దగ్గరికెళ్ళాడు.

ముసలాయన ఊపిరి బిగబట్టి చదివాడు. "పద్దెనిమిది పౌండ్ల మూడు... ఏమాత్రం తక్కువ కాదు, ఎక్కువ కాదు. వెర్లిన్, నీ తుపాకీ మీద ఈగ వాలకుండా చూసుకో."

అప్పటికి బ్రైస్ కాల్చడం అయిపోయింది. ఇరవై గుండ్లకి, రెండువందలకి నూట తొంభై మూడు. ఆ గాలిలో అది మంచి లెక్క. మార్వా ఆ సంగతి వెర్లిన్‌కి చెప్పి వెళ్ళిపోయింది.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, ఒకడు కాలుస్తుంటే వాడి జోడీ వెనక కుర్చీలో కూర్చుని, దూరదర్శినిలో టార్గెట్ చూసి, ఒక్కొక్క గుండూ ఎంతకి పడిందో పైకి పిలవాలి. వెర్లిన్ లెక్క పిలవాల్సింది బ్రైసే. ఎవడి చోటు పోతుందో వాడే పిలవాలన్నమాట.

వెర్లిన్ చాప మీద బోర్లా పడుకున్నాడు. కళ్ళు మూసుకుని చెంప వాల్చి తెరిచాడు. ఎండగొట్టం లేక స్కోపులో కాస్త తెలుపు కొట్టింది గానీ నీడ మాత్రం లేదు. లెక్కలోకి రాని మొదటి గుండు కాల్చాడు.

"ఎనిమిది. కుడి, కింద" అన్నాడు బ్రైస్.

విప్పి బిగించిన తుపాకీ కాస్త పక్కకి పోవడం మామూలే. స్కోపు మీది మర తిప్పి సరిచేశాడు. రెండోది కాల్చాడు.

"పది."

ఇక లెక్క మొదలు. పది. పది. తొమ్మిది. పది. గాలి ఎడమనుంచి వస్తూ, మధ్యలో ఆగి, మళ్ళీ ఒక్కసారి తోస్తోంది. జెండాలు అతనే పొద్దున పాతాడు. ఏ జెండా అబద్ధం చెబుతుందో, ఏది నిజం చెబుతుందో అతనికి తెలిసినట్టు ఆ లైను మీద ఇంకెవరికీ తెలియదు. గట్టు పక్కన ఉన్నది ఎప్పుడూ ఎక్కువ చేసి చెబుతుంది. దాన్ని పట్టించుకోలేదు. ఉక్కు ముక్క లేకపోయేసరికి పేలినప్పుడు తుపాకీ కాస్త ఎగురుతోంది. ఎగిరినా తిరిగొచ్చి అదే చోట కూర్చుంటోంది. మెడ అసలు గుర్తుకే రాలేదు.

మొదట్లో బ్రైస్ గొంతు హుషారుగా ఉంది. సగం దాటేసరికి పొడిపొడిగా అయింది. పది అన్నప్పుడల్లా ఎవరో బలవంతంగా పన్ను పీకుతున్నట్టు అంటున్నాడు. పద్నాలుగో గుండుకి గాలి మోసం చేసి ఎనిమిది వచ్చింది. "ఎనిమిది!" అన్నప్పుడు మాత్రం గొంతులో పాత హుషారు తిరిగొచ్చింది. వెనకనున్నవాళ్ళు అది విని ముసిముసిగా నవ్వారు.

పంతొమ్మిది గుండ్లు అయ్యేసరికి నూట ఎనభై నాలుగు. చివరిది పది అయితే నూట తొంభై నాలుగు. తొమ్మిదయితే సమానం, సమానమైతే నడిబొడ్డున ఎవరికి ఎక్కువ పడ్డాయో చూడాలి, అక్కడ బ్రైస్‌దే పైచేయి.

వెర్లిన్ గుండు ఎక్కించి, బోల్టు మూసి, ఆగాడు. గాలి లేచింది. లేచి ఉండిపోయింది. పక్కవాళ్ళందరూ కాల్చడం అయిపోయి లేచి కూర్చున్నారు. లైను మీద ఇతనొక్కడే మిగిలాడు.

"గడియారం నడుస్తోంది పెద్దాయనా" అన్నాడు బ్రైస్.

"లెక్క పిలవడమే నీ పని" అంది వెనకనుంచి మార్వా.

దూరపు జెండా వాలింది. మధ్యలోది వాలబోయి ఆగింది, తర్వాత అదీ వాలింది. వెర్లిన్ వేలు కదిలింది. తుపాకీ పేలింది.

టార్గెట్ గుంటలోకి దిగింది. దిగి, ఎంతకీ పైకి రాలేదు. గుంటలో ఉన్నవాడు కన్నం వెతుక్కుంటున్నట్టున్నాడు. చివరికి చెక్క పైకి లేచింది. గుండు పడ్డ చోట పెట్టే తెల్లబిళ్ళ కనబడింది. వెర్లిన్‌కి తన స్కోపులో కనబడుతూనే ఉంది. కానీ పిలిచేదాకా అది లెక్క కాదు. తల తిప్పలేదు.

బ్రైస్ దూరదర్శినిలోంచి కన్ను తీసి, మళ్ళీ పెట్టి చూశాడు.

"పది" అన్నాడు.

"వినపడలేదు" అంది మార్వా. "లైను చివరిదాకా వినపడాలి. అది నియమం."

బ్రైస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "పదీ! నూట తొంభై నాలుగు! వెర్లిన్ టోర్గర్సన్!" అని గుంటలోవాళ్ళకి కూడా వినపడేలా అరిచాడు. అరిచి కూర్చున్నాడు. వాడి మొహం ఎర్రబడి ఉంది. కానీ అరవవలసిన దానికన్నా గట్టిగానే అరిచాడు, అది అందరూ విన్నారు.

"సరే" అంది మార్వా. "వచ్చే శనివారం పొద్దున ఆరింటికి సాధన. నాలుగో చాప నీది. నీళ్ళ డబ్బాలు బ్రైస్ తెస్తాడు."

"ఐదున్నరకే వస్తాను" అన్నాడు వెర్లిన్.

"ఐదున్నరకి వచ్చి ఏం చేస్తావు, గేటుకి కన్నాలు పెడతావా? ఆరింటికి రా."

వెర్లిన్ లేచాడు. మోకాళ్ళ మీదికి, తర్వాత పాదాల మీదికి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. బోల్టు బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. గుండు ఉండే చోట, తుపాకీ ఖాళీ అని తెలిసేలా చిన్న పసుపుపచ్చ జెండా దూర్చి, గొట్టం ఆకాశంకేసి ఉండేలా తుపాకీ ఎత్తి పట్టుకున్నాడు. అతని ట్రక్కు కుడిచేతి పక్కనే, ఇరవై అడుగుల్లో ఉంది. ఎవరికైనా అటే వెళ్ళడం దగ్గర. వెర్లిన్ ఎడమకి తిరిగాడు. మిరపకాయల కూరా దాల్చినచెక్క రొట్టెలూ తింటున్న బల్లల ముందునుంచి, తూకం బల్ల ముందునుంచి, పక్క ఊరి జట్టువాళ్ళ కుర్చీల ముందునుంచి, లైను ఈ చివరనుంచి ఆ చివరదాకా నడిచాడు. నిదానంగా నడిచాడు. పెట్టిన కన్నాల్లోంచి అవతలి వెలుతురు కనబడేలా తుపాకీని కాస్త పక్కకి తిప్పి మరీ పట్టుకున్నాడు.